పాత యిల్లు – క్రొత్త వసతి



గత మాసము ఈ పుటలో వానకాలమునకు ముందు పప్పుధాన్యముల నెట్లు భద్రపరచుకొనవలెనో ముచ్చటించుకొంటిమి. ఈ మాసము ఆ ధాన్యమును దాచు ఇంటిని గురించియే నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిమి. ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు పెద్దలందురు. ఆ రెంటికన్న కష్టమైన పని మరియొకటి కలదని మాకు క్రిందటి యేడు తెలిసినది. అది కట్టియున్న పాత యింటిని కూల్చక, నేటి బ్రదుకునకు తగినట్లు బాగుచేసికొనుట.

మా చెన్నూరు గోదావరి యొడ్డున నున్న పాత ఊరు. తూర్పునకు సాగిపోవు గోదావరి ఇచ్చట కొంత దూరము ఉత్తరముగా పారుటచే ఉత్తరవాహిని యని పేరుగాంచినది. అగస్త్యేశ్వరుని ఆలయము ఊరికి వెలుగు. 2016లో మంచిర్యాల జిల్లాలో చేరువరకు మా ఊరు ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆదిలాబాదు అడవుల టేకు లోకప్రసిద్ధము గదా! ఆ టేకుతో నిలిపిన మొగురములు, దూలములు, చెక్కడపు దర్వాజలు గల యిండ్లు ఒకప్పుడు మా వీధినిండ నుండెను. ఇప్పుడు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. తక్కినవి ఒక్కటొక్కటిగా నేలమట్టమై, వాని స్థానమున సిమెంటు డబ్బాలవంటి కట్టడములు లేచినవి.

మా యిల్లు మా మామగారి తాతగారు కట్టించినది. నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి, చుట్టును మొగురములపై నిలిచిన వసారా, వెనుక అర్రలు, పైన గూనపెంకులు. ఇట్టి కట్టడమును మా ప్రాంతమున భవంతి యనియు, కోస్తా జిల్లాలలో మండువా యనియు చెప్పుకొందురు. గోడలు రెండడుగుల మందము. లోపల మన్ను, రాయి. పైన డంగుసున్నపు పూత.

ఈ యింటిని గురించి మా కుటుంబమున మూడభిప్రాయము లుండెను. అంతయు కూల్చి రెండంతస్తులు వేయవలెనని మా మరిది. గడ్డిపోచయైనను కదల్పరాదని మా వారు. వారు బడిపంతులు, పాత వస్తువన్న వారికి ప్రాణము. ఇంతలో నగరమునుండి వచ్చిన వర్తకు డొకడు మా తలవాకిలి దర్వాజకు, నాలుగు మొగురములకు కలిపి లక్షా ఇరువదివేల రూపాయ లిచ్చెదననెను. ఆ సొమ్ము ఎరగా మా మరిది మాట కొంత బలపడినది. మేము మా వారి పక్షమే. ప్రబంధములలోని పురవర్ణనలు, సౌధవర్ణనలు బాల్యమున తండ్రిగారి యొద్ద చదివినవారము గనుక ఆ చెక్కడములు మా కండ్లకు కావ్యమువలె నుండెను.

మూడవ అభిప్రాయము మా అత్తగారిది. దాని నెవ్వరును అడుగలేదు.

శ్రావణమాసమున నొక రాత్రి జోరున వాన కురియుచుండగా మా అత్తగారు దొడ్డిచివరనున్న మరుగుదొడ్డికి పోవుచు, నాచుపట్టిన బండపై కాలుజారి పడిరి. మోకాలు వాచి ఇరువది దినములు మంచము దిగలేదు. చూడవచ్చిన చుట్టాలయెదుట మా వారు అలవాటు చొప్పున ఇంటి గొప్ప చెప్పుచుండగా ఆమె మెల్లగా నిట్లనిరి: "ఇల్లు మంచిదే బిడ్డా. నలభై ఏండ్లు నేనే అలికిన, నేనే ముగ్గువేసిన. గని రాత్రిపూట వానల దొడ్డిదాక నడిచేది నేను. మొగురాలు నడువవు గద!"

మా వారు మరి మాటాడలేదు. మేమును తల వంచుకొంటిమి. పాతయింటి సొగసును మెచ్చుకొను మనము, ఆ సొగసు నెవరి నడుము వంగుటవలన నిలిచినదో అడుగుట మరచితిమి గదా యని తోచినది.

ఆ దినమునుండి మేమొక నియమము చేసికొంటిమి. ఇంటిలోని ప్రతి భాగమును రెండు ప్రశ్న లడుగవలెను. ఒకటి: ఇది ఇంటికేమి పని చేయుచున్నది? రెండవది: ఇది ఇంటిలోని స్త్రీచేత ఏమి పని చేయించుచున్నది? మొదటి ప్రశ్నకు మంచి జవాబు చెప్పు పాతదానిని కదల్పరాదు. రెండవ ప్రశ్నకు చెడ్డ జవాబు చెప్పుదానిని, ఎంత పాతదైనను, నిలుపరాదు. ఈ నియమముతో మా కెదురైన వానిని వరుసగా చెప్పెదము.

మొదట గోడలు. ఇందు మేమొక తప్పు చేసి నేర్చుకొంటిమి. ఆరేండ్ల క్రిందట వెనుక అర్ర గోడకు సున్నము పెచ్చులూడగా, ఒక మేస్త్రీ మాట విని సిమెంటు పూత వేయించితిమి. "నూరేండ్లు చూడ పనిలేదమ్మా" అని అతడు చెప్పెను. మూడు వానకాలములు గడచునప్పటికి నడుమెత్తువరకు చెమ్మ ప్రాకి, తెల్లని చౌడు పొడి రాలసాగినది. పూత పలకలు పలకలుగా నూడినది. ఆ గోడకు ఆనించిన బీరువాలో మా పెండ్లిచీర బూజు పట్టినది. క్రిందటి యేడు వచ్చిన ముసలి సుతారి ఆ గోడను అరచేత తట్టి చూచి యిట్లనెను: "గోడ గూడ మన లెక్కనేనమ్మా. దానికి చెమట వట్టాలె, ఆరాలె. మీరు దానికి రబ్బరు అంగీ తొడిగిండ్రు."

ఇది వేళాకోళము గాదు, శాస్త్రము. మన్ను, సున్నము సూక్ష్మరంధ్రములు గలవి. నేలలోని తేమ గోడలోని కెక్కినను ఆ రంధ్రముల గుండ వెలికి వచ్చి గాలికి ఆరిపోవును. పైన సిమెంటు పూసినచో ఆ దారి మూతపడును. తేమ పోవు చోటులేక ఇంకను పైకి ప్రాకును. దానిలోని లవణములు పూత వెనుక గడ్డకట్టి దానిని వెలికి త్రోయును. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధులను 2013 మొదలు బాగుచేసినప్పుడు, వెనుకటివారు పూసిన సిమెంటును తొలగించి మరల సున్నపు పూతయే వేసిరి. రాజుల గుమ్మటములకు తగినది మన గోడలకు తగదా?

మేమును సిమెంటు పూత నెల్ల చెక్కించి, గోడను మూడు నెలలు ఆరనిచ్చితిమి. పిమ్మట మార్గశిరమున సున్నపు పని ఆరంభించితిమి. నీరు చల్లి చల్లార్చి మాగవేసిన ముద్దసున్నము ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు చొప్పున నూరి, కరక్కాయలు నానిన నీరు, బెల్లపు నీరు కొంచెము కలిపి, పలుచని పూతలు వేసిరి. ఒక పూత గట్టిపడినగాని రెండవది వేయరాదు. ఎండ సూటిగా తగులకుండ తడిగోనెలు వ్రేలాడదీయవలెను. ఏలన, సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మరల రాయిగా మారును. తొందరపడినచో పగులును. ఒక హెచ్చరిక: సున్నము చల్లార్చునపుడు సలసల కాగి చిమ్మును. కంటబడినచో చూపునకే ముప్పు. పిల్లలను ఆ దరికి రానీయరాదు.

పూతతోనే పని ముగియదు. గోడ మొదట నీరు నిలువకుండ నేలను వెలికి వాలుగా చేయించవలెను. మా గోడ చెమ్మకు సగము కారణము చూరునీరు గోడప్రక్కనే గుంటకట్టుట యని అప్పుడు గాని తెలియలేదు.

రెండవది కప్పు. పెంకుటిండ్లను మనవారు కూల్చుటకు ముఖ్య కారణము కోతులని చెప్పినచో పట్టణవాసినులు నవ్వుదురు గాని, మా వైపువారికి ఆ బాధ తెలియును. ఒక్క మంద దూకినచో నూరు పెంకులు ముక్కలగును. విసిగి, పెంకులు తీయించి స్లాబు వేయించుకొందురు. మట్టిగోడలపై స్లాబు మాట వచ్చినపుడు ఈ లెక్క గుర్తుంచుకొనుడు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల అర్రపై అయిదంగుళముల మందమున స్లాబు వేసినచో దాని బరువు ఇంచుమించు 28 క్వింటాళ్లు. గూనపెంకులకు అందు సగమైనను ఉండదు. ఆ బరువు మోయుటకు మన్నుగోడ పుట్టలేదు. అదియునుగాక, 45 డిగ్రీల యెండను పగలెల్ల త్రాగిన స్లాబు రాత్రి మన నెత్తిపై దానిని క్రక్కును. పెంకుల సందులగుండ వేడిగాలి పైకి పోవును.

మేము పుచ్చిన వాసములను మాత్రము మార్పించి, వానిపై పలకలు పరపించి, నీరు దిగని పట్టా యొకటి పరచి, దానిపై పాత పెంకులనే కప్పించితిమి. ఇప్పుడొక పెంకు పగిలినను చినుకు లోనికి రాదు. పైన ఇనుప జాలి బిగించినందున కోతుల యాటయు తగ్గినది. కొరతపడిన పెంకులను కూల్చిన పొరుగిండ్లనుండి తెచ్చుకొంటిమి. క్రొత్త వస్తువు పాతదాని క్రింద కనబడకుండ పనిచేయుచున్నది. ఇట్టి పొందికయే మాకు నచ్చినది.

మూడవది మొగురములు, నేల. నున్నని పలకరాళ్లు పరపించవలెనని మాకును మోజుగానే యుండెను. ముసలి సుతారి మమ్ము మొగురము మొదటికి పిలిచి చూపెను. టేకు నేలకు తగులక, అడుగెత్తు రాతిదిమ్మెపై నిలిచియున్నది. నేలచెమ్మ కొయ్యకు అంటకుండ పూర్వులు చేసిన యేర్పాటది. ఉన్న నేలమీదనే మన్ను పోసి పలకలు పరచినచో దిమ్మె మునిగిపోయి, కొయ్య మొదలు చెమ్మలో నానును. పొరుగువారి వసారాలో అట్లే ఒక మొగురము మొదలు చివికినది. కనుక నేలయెత్తు పెంచక, పాత గచ్చు చెడినచోట మాత్రము తీయించి అదే మట్టమున బండలు వేయించితిమి.

మొగురములపై తరతరాలుగా పట్టించిన రంగులు నాలుగు పొరలుండెను. పాత రంగులలో సీసము కలిసియుండవచ్చును. వానిని కాల్చియు, పొడిగా గీకియు తీసినచో ఆ ధూళి పసిపిల్లలకు విషము. ముక్కునకు గుడ్డ కట్టుకొని, తడిపి గీకి, ఆ చెత్తను కాగితమున మూటగట్టి దూరముగా పారవేయించితిమి. పిమ్మట అవిసెనూనె రుద్దగా టేకు తన తేనెరంగు తేరినది. అందలి చిలుకలు, తామరలు చూచి మా అత్తగారే "ఇవి ఇన్నేండ్లు ఏడ దాగినయి?" అని అబ్బురపడిరి.

ఇక క్రొత్తవాని సంగతి. ఇచ్చట మేము లోభింపలేదు.

మేము చదివిన కావ్యములలో మేడలవర్ణనలు మెండు గాని వంటయింటి పొగ తలచిన కవి అరుదు. ఆముక్తమాల్యదలో రాయలవారు వానకాలమున నిప్పు రాజక ఇల్లాండ్రు పడు పాటును వర్ణించిరి. రాజయ్యు ఆ పొగను చూచినందులకు వారికి నమస్కరింపవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ననుసరించి 2020 సంవత్సరమున ఇంటిలోని వంటపొగవలన లోకమున ఇంచుమించు 32 లక్షలమంది అకాలమృత్యువు వాతబడిరి. మా వంటయింట గ్యాసు పొయ్యి వచ్చి యేండ్లయినను గోడలు నల్లగనే, కిటికీ జానెడుగనే యుండెను. దానిని పెద్దది చేయించి, పైభాగమున వేడిగాలి పోవు పంకా పెట్టించితిమి. కిటికీ వెడల్పు చేయునపుడు పైన గట్టి రాతిపలకయో కొయ్యదూలమో ఆనించిన పిమ్మటనే గోడ కోయవలెను. గట్టు మా మోచేతికి నాలుగైదంగుళములు క్రిందుగా నుండునట్లు కొలిచి, కరీంనగరపు గోధుమవన్నె గ్రానైటు వేయించితిమి. అది క్రొత్త తళుకే గాని మన నేల రాయియే. టేకు ప్రక్కన పరాయిగా కనుపట్టదు.

స్నానపుగదిని, మరుగుదొడ్డిని పాతగోడకు ఆనించక మూడడుగుల యెడముగా ఇటుకలతో, సొంత పునాదులతో కట్టించితిమి. నీటివాడుక గల గది మన్నుగోడ నంటియుండరాదు. పాత పునాది ప్రక్కనే లోతుగా త్రవ్వరాదు. నడుమ కప్పు వేసిన నడవ, మెట్టులేని చదునైన దారి, రాత్రి వెలుగు దీపము, గరుకు బండలు, కూర్చుండు ఎత్తు పీఠము, ప్రక్కన పట్టుకొను ఇనుపకడ్డీ. ఆ కడ్డీ బిగువుగా నిలుచుటకు ఇటుకగోడ కావలెను. మన్నుగోడలో మేకు నిలువదు. ఇట్లు క్రొత్తకు క్రొత్త చోటిచ్చినచో పాతదియు బ్రదుకును. విద్యుత్తు తీగలకై గోడలను గాడులుగా తొలిపింపక, దూలముల వెంబడి గొట్టములలో పోనిచ్చితిమి. రేపు మార్చవలసివచ్చినను గోడకు గాయముండదు.

నడిమి వాకిలిపై రంగురేకు కప్పి మరియొక గది చేయవలెనని మా మరిది ముచ్చట. ఆ వాకిలి ఇంటికి ముక్కు. అర్రలలోని వేడిగాలి అందుండియే పైకి పోవును. కిటికీలులేని అర్రలకు వెలుగును అదియే యిచ్చును. రేకు వేసినచో పట్టపగలు దీపము, నడిరాత్రి పంకా తప్పవు. అతనిని ఒక మధ్యాహ్నము ఆ వాకిలి వసారాలో పడుకొనబెట్టి, మరునాడు రేకులయింటనున్న అతని మిత్రునింటికి పంపితిమి. తిరిగివచ్చి మారు మాటాడలేదు. కోతులు దిగకుండ ఇనుప కడ్డీల చట్రము మాత్రము పైన వేయించితిమి.

ఇంక వర్తకుని సొమ్ము. మేము చేసిన లెక్కలో లక్ష రూపాయలు తక్కువపడినవి. దర్వాజ అమ్మినచో పని సులభముగ తీరును. తమిళనాట కారైకుడిలో పెద్ద యిండ్లు కూలి, వాని మొగురములు, తలుపులు అంగళ్లలో అమ్ముడుపోవుట అందరెరిగినదే. కొన్నవారి హోటళ్లకు అవి అలంకారములగును. అమ్మిన యింటికి మాత్రము వెలితియే మిగులును. అయినను మా అత్తగారి మోకాలికన్న దర్వాజ గొప్పది గాదని మా వారే మొదట అనిరి. అప్పుడు మా అత్తగారు లెక్కకాగితము తెమ్మని, అందు ముందుగదికని వ్రాసిన పైకప్పు అలంకారము, మెత్తని కుర్చీలు, అద్దాల బీరువా, పలకరాళ్లు ఒక్కటొక్కటిగా కొట్టివేయించిరి. "వచ్చినోళ్ల కోసం తర్వాత చేద్దాం. ఉన్నోళ్ల కోసం ముందు చేయుండ్రి" అనిరి. లెక్క సరిపడినది. దర్వాజ నిలిచినది.

ఇప్పుడు మా యింటికి వచ్చిన చుట్టాలు ముందుగది చూచి, "ఇంత ఖర్చు పెట్టితిమంటిరి, ఎక్కడ పెట్టితిరి?" అని అడుగుదురు. మేము వారిని వెనుకకు తీసికొనిపోయి చూపుదుము.

మా వారికి దోమకొండ కోటయన్న ముచ్చట. కామారెడ్డి జిల్లాలోని ఆ కోటను సంస్థానపు వంశీయులే పూనుకొని ఉద్ధరింపగా 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారములలో గుర్తింపు లభించినది. కోటలకు పురస్కారములు వచ్చుట సంతోషమే. మన పెంకుటిండ్లకు పురస్కార మిచ్చువా రెవ్వరును లేరు. ఇంటివారు మోజుపడినగాని అవి నిలువవు. ఇంటిలోని స్త్రీలకు సుఖము లేనిచో ఇంటివారికి మోజు పుట్టదు.

ఒక్క మాట మరువకుడు. ప్రతి పాతయింటిని నిలుపవలెనని మేము చెప్పుటలేదు. గోడలో పగులున్నచో దానిపై అడ్డముగా కాగితపు పట్టీ యంటించి తేదీ వ్రాయుడు. రెండు నెలలలో పట్టీ చినిగినచో ఆ గోడ కదలుచున్నదని తెలియవలెను. గోడ ఒరగినను, దూలము చెదలుపట్టి డొల్లమ్రోత మ్రోగినను, వానకాలము రాకముందే తెలిసిన ఇంజనీరుకు చూపుడు. అంతవరకు ఆ అర్రలో పిల్లలను పండుకొనబెట్టకుడు. వరుస వానలలో నానిన మన్నుగోడలు కూలి ప్రాణములు పోవుట ఏటేట వినుచున్నాము. ఇల్లు మనకొరకుగాని, మనము ఇంటికొరకు గాము.

ఈ శ్రావణమున మరల జోరువానలు కురిసినవి. ఒక రాత్రి మెలకువవచ్చి చూడగా మా అత్తగారు నడవలోని దీపపు వెలుగున మెల్లగా నడచివచ్చి, వసారాలో మొగురమునకు చేరగిలబడి కూర్చుండి వాకిలిలో పడు వానను చూచుచుండిరి. నిదుర రాలేదా అత్తమ్మా యని అడిగితిమి. "ఈ ఇంట్లె వాన ఇంత మంచిగుంటదని ఇన్నొద్దులు చూడనే లేదు బిడ్డా" అనిరి.

మీ యింటను ఇట్టి పని తలపెట్టినచో మొదట మేస్త్రీని గాక, ఆ యింట ఎక్కువకాలము పనిచేసిన ముసలమ్మ నడుగుడు. వచ్చే మాసము ఇత్తడి, కంచు పాత్రల సంగతి ముచ్చటించుకొందము.